కంద కడుపులో గాజుసూదులు

గోదావరి లంకల్లో వాన వెలిసిన మధ్యాహ్నం. నల్లగా మెరిసే ఒండ్రుమట్టిలోంచి లావుపాటి కాడ ఒకటి నిటారుగా లేచి ఉంటుంది. లేతాకుపచ్చ ఒంటినిండా తెల్లని మచ్చలు, ముట్టుకుంటే వేలికి గరగరా తగిలే చిన్నచిన్న బొడిపెలు. కొసన మూడు పాయలుగా చీలి, పాయపాయకూ ముదురాకుపచ్చ రెక్కలు పరిచి, ఒకే ఒక్క మహాపత్రం ఆకాశానికి ఎదురుగా విచ్చుకుని నిలబడి ఉంటుంది. దాని అంచుల నుంచి జారిన చినుకులు కింద మట్టిలోకి ఇంకిపోతుంటాయి. ఆ మట్టి కింద, వెలుతురు చొరబడని చల్లని చీకట్లో, ఏనుగు పాదమంత దుంప ఒకటి నెలల తరబడి నెమ్మదిగా ఊరుతూ ఉంటుంది. పైన గరుకైన మట్టిరంగు తోలు, లోపల గులాబీ ఛాయ కలిసిన లేత పసుపు కండ, కోసిన చోట మెల్లగా ఊరే జిగట తడి. అదే మన కంద. బచ్చలితో జతకట్టి, ఆవ ఘాటుతో పెళ్లి విస్తరి మీదికి వచ్చే కంద. ఆ కండ లోపల కొలువున్న వింతను చూడాలంటే మాత్రం మామూలు కన్ను చాలదు.

పలచటి పొరగా చీల్చిన ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడండి. మొదట కనిపించేవి పిండి రేణువులు. కణం పక్కన కణం, ప్రతి కణం నిండా తెల్లటి గుండ్రని రేణువుల గుంపులు. వాటి నడుమ ఉన్నట్టుండి ఒక పెద్ద కణం ఎదురవుతుంది. అందులో పిండి లేదు, పారదర్శకమైన జిగురుంది. ఆ జిగురు మధ్యలో, అగ్గిపెట్టెలో పుల్లల్లా ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా పేర్చిన వందలాది సూదులు! తల వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నం. వాడి మొన, ఒంటి పొడవునా సన్నని గాడి, గాజును మించిన తేట. ధ్రువణ కాంతిలో పెట్టి అద్దపు పలకను తిప్పితే, నల్లని నేపథ్యం మీద ఆ సూదులు ఒక్కసారిగా భగ్గుమంటాయి. ముత్యపు తెలుపు, నిమ్మపసుపు, నెమలికంఠం నీలం, జేగురు ఎరుపు, ఒక్కో మలుపులో ఒక్కో వన్నె. ఇంకాస్త తిప్పితే ఆరిపోతాయి. మళ్లీ తిప్పితే మళ్లీ వెలుగుతాయి. మురికిపట్టిన తోలు చాటున, మట్టివాసన కొట్టే దుంప కడుపులో ఇంతటి నగిషీ ఏ శిల్పి చెక్కాడో!

‘కందకు లేని దురద కత్తిపీటకెందుకు’ అని ఎద్దేవా చేస్తుంటాం. నిజానికి కందకు దురద ఎందుకు లేదన్నది అడిగి తీరవలసిన ప్రశ్నే. ప్రతి సూదినీ మొక్క పలచటి పొరలో చుట్టి, ఆ సూదుల కట్టను జిగురులో ముంచి, కణం నడుమనున్న రిక్తికలో భద్రంగా దాచిపెడుతుంది. ఇంటిలో ఉన్నంతకాలం ఆ ఆయుధాలు ఒరలోనే ఉంటాయి. కత్తిపడి కణం చిట్లినప్పుడే సూదులు బయటికొచ్చి చేతికీ నాలుకకీ గుచ్చుకుంటాయి, వాటి మీది ప్రోటీన్లు ఆ గాట్లలోంచి చర్మంలోకి దిగి మంట పుట్టిస్తాయి. కంద కుటుంబానికే చెందిన కొన్ని మొక్కల్లో ఏర్పాటు మరీ విచిత్రం. కోలగా సాగిన కణానికి రెండు కొసలా పలచటి మూతలుంటాయి. నీరు సోకగానే లోపలి జిగురు ఉబ్బుతుంది, మూత తెరుచుకుంటుంది, సూదులు ఒకటి వెంట ఒకటి బయటికి దూసుకొస్తాయి. పురుగు నోటి తడి తగిలినా చాలు, ఆకు తనంతట తానే బాణాలు సంధిస్తుంది.

మూడో చుట్టం

ఈ సూదులన్నీ ఒకే పదార్థం, కాల్షియం ఆక్సలేట్. వేళ్లు నేలలోంచి తోడుకొచ్చిన కాల్షియం ఒక పక్క. మొక్క తన ఒంట్లోనే తయారుచేసుకున్న ఆక్సాలిక్ ఆమ్లం మరో పక్క. పులిచింతాకు నమిలినప్పుడు పళ్లు పులిసేది ఈ ఆమ్లంతోనే, చుక్కకూర పులుపులోనూ దీని వాటా ఉంది. 1776లో స్వీడన్ రసాయనవేత్త షీలే పంచదార నుంచి దీన్ని తయారుచేసి చూపించాడు. రెండు కార్బన్లు, వాటిని అంటిపెట్టుకున్న నాలుగు ఆక్సిజన్లు, ఇంచుమించు చదునైన పలక, దాని మీద రెండు రుణావేశాలు. ఆ ఆమ్లం నుంచి వచ్చే ఆ పలకే ఆక్సలేట్. రెండు ధనావేశాలున్న కాల్షియం ఎదురుపడితే ఒకదాన్నొకటి అల్లుకుపోతాయి. అప్పుడు పుట్టే లవణం నీళ్లలో దాదాపు కరగదు.

ఇంతవరకూ లెక్క సరిపోయింది. ధనం రుణం చెల్లుకు చెల్లు. అయినా ఈ స్ఫటికం నిలబడాలంటే మూడో చుట్టం రావాలి. ఏ ఆవేశమూ లేని, ఏ లెక్కలోనూ లేని, నీరు. ప్రతి జత కాల్షియం, ఆక్సలేట్‌కీ ఒక నీటి అణువు తోడొస్తే ఏర్పడే స్ఫటికం పేరు హ్యూవెలైట్. కేంబ్రిడ్జిలో ఖనిజశాస్త్రం బోధించిన విలియం హ్యూవెల్ పేరిట 1852లో ఆ పేరు పెట్టారు. నూరు గ్రాముల హ్యూవెలైట్ రాయిలో పన్నెండు గ్రాములకు పైగా నీరే ఉంటుంది. పట్టుకుంటే పొడిగా ఉంటుంది, గీస్తే గట్టిగా తగులుతుంది, ఎండలో పెట్టినా చెమ్మ కనిపించదు. అయినా ఆ రాయి ఎనిమిదో వంతు నీళ్లే!

ఆ రాతి లోపలికి నడిచి వెళ్లగలిగితే మన చుట్టూ ఏం కనిపిస్తుంది? కనుచూపు మేరా అంతస్తులు. ఒక అంతస్తులో కాల్షియం అయాన్లూ చదునైన ఆక్సలేట్ పలకలూ వరసలు తీరి ఉంటాయి. దాని మీద మరో అంతస్తు, అందులో మరో తీరున ఒదిగిన ఆక్సలేట్లు, వాటి పక్కన నీటి అణువులు. మళ్లీ మొదటి అంతస్తు, మళ్లీ రెండోది. ప్రతి కాల్షియం చుట్టూ ఎనిమిది ఆక్సిజన్లు మూగి ఉంటాయి. ఏడు ఆక్సలేట్లవి, ఎనిమిదోది నీటిది. లక్షల అంతస్తులు ఎక్కినా వరస తప్పదు, కోణం మారదు. కంద కణంలోని జిగురులో, ఏ తాపీ మేస్త్రీ లేకుండా, ఏ నూలుదారం పట్టకుండా, ఇంత కచ్చితమైన కట్టడం పైకి లేస్తుంది.

ఆ నీటి అణువును కాస్త దగ్గరగా చూద్దాం. మధ్యలో ఒక ఆక్సిజన్, దానికి రెండు హైడ్రోజన్ చేతులు. ఆక్సిజన్ కాల్షియాన్ని ఆనుకుని ఉంటుంది. రెండు చేతులూ పక్కనున్న ఆక్సలేట్ల ఆక్సిజన్ల వైపు చాపి ఉంటాయి. చేయి ఆ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకోదు, దాని మీదికి మొగ్గుతుంది, అంతే. ఆ మొగ్గుకే హైడ్రోజన్ బంధం అని పేరు. మిల్లీమీటరును కోటి భాగాలు చేస్తే అందులో సుమారు మూడు భాగాలంత ఎడం ఆ రెండు ఆక్సిజన్ల మధ్య. నీటి అణువు లోపల హైడ్రోజన్‌ను ఆక్సిజన్‌తో కట్టిపడేసిన బంధం బలంతో పోలిస్తే దీని బలం ఇరవయ్యో వంతు. ఒంటరిగా చూస్తే పట్టించుకోనక్కర్లేనంత బలహీనం. కానీ స్ఫటికం నిండా అవే, లెక్కకు అందనన్ని, అన్నీ ఒక వరస ప్రకారం. ఆ సన్నని మొగ్గులన్నీ కలిసి అంతస్తుకు అంతస్తును ముడివేసి, రాతిని రాయిగా నిలబెడతాయి.

ఒక చుక్క ఎక్కువైతే

సృష్టి చమత్కారం అక్కడితో ఆగలేదు. అదే కాల్షియం, అదే ఆక్సలేట్. నీటి అణువు ఒకటికి బదులు రెండు చేరాయనుకోండి. కట్టడం మొత్తం మారిపోతుంది. అంతస్తులు పోయి స్తంభాలు లేస్తాయి. స్తంభాల నడుమ నిలువునా పొడవాటి సొరంగాలు తెరుచుకుంటాయి. ఇక్కడా ప్రతి కాల్షియం చుట్టూ ఎనిమిది ఆక్సిజన్లే, కాకపోతే ఈసారి రెండు నీటివి. ఆ సొరంగాల్లో మరికొన్ని నీటి అణువులు, ఏ కాల్షియాన్నీ అంటుకోకుండా, పక్క నీళ్లతో హైడ్రోజన్ చేతులు కలుపుతూ, బాటసారుల్లా బస చేసి ఉంటాయి. ఎన్ని ఉంటాయన్నది స్ఫటికం స్ఫటికానికీ కొద్దిగా తేడా. ఈ రెండో రూపం పేరు వెడెలైట్. బయటికి చూస్తే రెండు పిరమిడ్లను అడుగుకు అడుగు కలిపి అతికించినట్టు, నాలుగు పక్కలా సమానంగా, మొనలు తీరి మిలమిల్లాడుతుంది. మూడు నీటి అణువులున్న రూపం కూడా ఉంది. దాని పేరు కావోక్సైట్, మహా అరుదు.

లవణం ఒకటే, ఆకారాలు మూడు. నీరెంత అన్నదాన్ని బట్టే లోపలి నడవలూ బయటి ముఖాలూ రూపుదిద్దుకుంటాయి. కట్టడంలో అతి మెత్తని భాగమే కట్టడం తీరును శాసిస్తుందన్నమాట.

ఆ నీటిని తీసేస్తే ఏమవుతుందో ప్రయోగశాలల్లో రోజూ చూస్తుంటారు. హ్యూవెలైట్ పొడిని సన్నని తూకం మీద పెట్టి నెమ్మదిగా వేడిచేస్తారు. రెండు వందల డిగ్రీల సెల్సియస్ చేరేలోపే నీరంతా ఆవిరై లేచిపోతుంది, నూటికి పన్నెండు పాళ్ల బరువు తగ్గుతుంది. నీరున్న అంతస్తులు కూలి, అణువులు మరో వరసలోకి సర్దుకుంటాయి. ఐదు వందల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ వెళ్లిపోయి సున్నపురాయి మిగులుతుంది. మరో రెండు మూడు వందల డిగ్రీలు పెంచితే కార్బన్ డయాక్సైడ్ కూడా సెలవు తీసుకుంటుంది. చివరికి తూకం మీద మిగిలేది తెల్లని సున్నం. మూడు మెట్లూ ఎంత స్పష్టంగా దిగుతాయంటే, ఆ పరికరాలు సరిగ్గా తూస్తున్నాయా లేదా అని పరీక్షించడానికి ఈ లవణాన్నే వాడతారు.

కంటికి అందని చేతులు

మొక్కల్లోని ఈ మెరుపులను పదిహేడో శతాబ్దంలోనే హాలండ్‌కు చెందిన లేవెన్‌హుక్ తాను స్వయంగా అరగదీసిన కటకాల్లోంచి చూశాడు. కానీ వాటి లోపలి అంతస్తులు కనిపించాలంటే ఎక్స్‌కిరణాలు రావలసి వచ్చింది. 1912లో భౌతికశాస్త్రవేత్త ఫాన్ లావే, ఆ వెంటనే బ్రాగ్ తండ్రీకొడుకులు స్ఫటికంలోంచి ఎక్స్‌కిరణాలను పంపి, అవి చెదిరిన తీరును బట్టి పరమాణువులు ఎక్కడెక్కడున్నాయో లెక్కగట్టే విద్యను లోకానికి నేర్పారు. చీకటి పలక మీద చుక్కలు చుక్కలుగా, ఆకాశంలో నక్షత్ర రాశుల్లా పడే ఆ ముద్రల్లోంచి కాల్షియం, కార్బన్, ఆక్సిజన్ ఒక్కొక్కటే తేటపడ్డాయి. హైడ్రోజన్ మాత్రం సరిగా చిక్కలేదు. దానికున్నది ఒకే ఒక్క ఎలక్ట్రాన్, ఎక్స్‌కిరణాల కంటికి అది సరిగా ఆనదు.

న్యూట్రాన్లకు ఆనుతుంది. వాటిని పంపితే నీటి చేతులు ఎటు చాపి ఉన్నాయో స్పష్టంగా పడుతుంది. ఈ విద్యలో మన దేశం వెనకబడలేదు. ముంబై దగ్గరి ట్రాంబేలో ఆర్. చిదంబరం, ఆయన సహచరులు కాల్షియం ఆక్సలేట్‌కు దగ్గరి చుట్టమైన పొటాషియం ఆక్సలేట్ మోనోహైడ్రేట్ అనే నీటిలవణాన్ని న్యూట్రాన్లతో పరిశీలించి, స్ఫటికంలో నీటి అణువు ఎవరి వైపు ఎలా మొగ్గుతుందో 1964లోనే వివరించారు. ఆ తరవాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో మూడు దశాబ్దాల పాటు పనిచేసిన గౌతమ్ దేశిరాజు, స్ఫటికాల్లోని హైడ్రోజన్ బంధాల భాషను ప్రపంచానికి చదివి చెప్పినవారిలో ముందువరసలో ఉన్నారు. అతి బలహీనమైన హైడ్రోజన్ బంధాల మీద థామస్ స్టైనర్‌తో కలిసి ఆయన 1999లో ఒక గ్రంథమే రాశారు.

ఆకుల్లో, ఎడారుల్లో, రాళ్ల మీద

ఈ స్ఫటికాల కోసం దూరం వెళ్లనక్కర్లేదు. ఉల్లిపాయ మీది ఎండుపొరను తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే రాగిరంగులో, గాలికి గలగలలాడుతుంది. అదే పొర సూక్ష్మదర్శిని కింద ఒక రత్నాల దుకాణం. ఎండి ముడుచుకున్న కణాల మధ్య చదరాలుగా, పట్టకాలుగా, ఒకదానికొకటి అడ్డంగా పడిన జంటలుగా తేటతెల్లని స్ఫటికాలు. చెరువు మీద గులాబీ పువ్వులా విచ్చుకుని తేలే అంతరతామర ఆకులోనైతే గాలిగదుల్లోకి పొడుచుకొచ్చిన సూదులూ ఉంటాయి, చుట్టూ ముళ్లు లేచిన నక్షత్రాల్లాంటి ముద్దలూ ఉంటాయి. అరటిలో, అనాసలో, ద్రాక్షాకులో, కలబంద జాతుల్లో ఎక్కడ వెతికినా ఏదో ఒక రూపంలో ఈ లవణం పలకరిస్తుంది.

వాటిలోకెల్లా తోటకూర కథ అద్భుతం. దాని ఆకు నడుమ ఈనెల చుట్టూ నక్షత్ర స్ఫటికాలు గుంపులుగా కొలువుంటాయి. నడివేసవి మధ్యాహ్నం నేల నెర్రెలిచ్చి, వడగాలి వీస్తున్నప్పుడు, ఉన్న చెమ్మ పోకుండా ఆకు తన పత్రరంధ్రాలను మూసుకుంటుంది. రంధ్రాలు మూస్తే గాలి రాదు, గాలి రాకపోతే కార్బన్ డయాక్సైడ్ దొరకదు, పైన సూర్యుడు మాత్రం మండిపడుతూనే ఉంటాడు. ఆ గడ్డు వేళలో ఆకు తన నక్షత్రాల వైపు చేయి చాపుతుంది. ఆక్సలేట్‌ను ఒక ఎంజైము విడగొడుతుంది, కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, దాంతోనే ఆకు అన్నం వండుకుంటుంది. పగలంతా నక్షత్రాలు కరుగుతూ చిన్నవవుతాయి, రాత్రి మళ్లీ పెరుగుతాయి. గ్రీసు శాస్త్రవేత్తలు తోటకూర జాతి మొక్కలో దీన్ని గమనించి 2016లో ప్రకటించారు. మనం చెత్తకుప్ప అనుకున్న స్ఫటికం ఆకుకు గాదె అయింది.

ఇక్కడి నుంచి చూపును అమెరికాలోని అరిజోనా వైపు మళ్లిద్దాం. ఎర్రటి ఇసుక, ఊదారంగు కొండలు, సాయంకాలపు నారింజ వెలుగులో చేతులు పైకెత్తి నిలబడిన సగ్వారో బ్రహ్మజెముళ్లు. నూటయాభై ఏళ్లు బతకగల మహాకాయాలు అవి. పక్కటెముకల్లాంటి మడతల నిండా ముళ్లు, మడతల వెనక పచ్చని మెత్తని కండ, ఆ కండ నిండా వెడెలైట్ స్ఫటికాలు. ఒక పెద్ద సగ్వారోలో వంద కిలోల దాకా ఈ ఖనిజం ఉంటుందని అరిజోనా శాస్త్రవేత్త లారెన్స్ గార్వీ లెక్క. చెట్టు చచ్చి కుళ్లిపోయాక స్ఫటికాలు ఇసుకలో కలుస్తాయి, క్రమంగా కాల్సైట్‌గా, అంటే సున్నపురాయిగా మారతాయి. గాలిలోంచి తీసుకున్న కార్బన్ నేలలో రాయై స్థిరపడుతుంది. మెక్సికోలో తెల్లని జుట్టు విరబోసుకున్న ముసలివాడిలా కనిపించే మరో బ్రహ్మజెముడుంది. దాని పొడి బరువులో 85 శాతం దాకా కాల్షియం ఆక్సలేటేనని వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు. చెట్టు కన్నా రాయి పాలే ఎక్కువ!

పశ్చిమాఫ్రికా అడవుల్లోని ఇరోకో మహావృక్షం ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. అది రాల్చిన ఆకుల్లోని, కొమ్మల్లోని ఆక్సలేట్‌ను శిలీంధ్రాలూ బ్యాక్టీరియా కలిసి ఆరగిస్తాయి. వాటి విందు ముగిసేసరికి ఆమ్లగుణమున్న ఎర్రనేల చెట్టు చుట్టూ సున్నపునేలగా మారుతుంది. సున్నపురాయి లేని చోట, చెట్టే సున్నపురాయిని కంటుంది.

పాత రాతిగోడల మీద బూడిదరంగు, పసుపు, నారింజ మరకలుగా పాకే లైకెన్లకూ ఈ విద్య తెలుసు. అవి వదిలే ఆక్సాలిక్ ఆమ్లం రాతిలోని కాల్షియంతో కలిసి పలచటి స్ఫటికపు పొరగా పేరుకుంటుంది. ఏథెన్స్‌లో పార్థినాన్ ఆలయపు పాలరాతి మీద ఇలాంటి పొరనే 1853లో జర్మన్ రసాయనవేత్త లీబిగ్ గుర్తించాడు. రోమ్‌లోని ప్రాచీన స్తంభాల మీద సాయంకాలపు ఎండలో తేనెరంగులో మెరిసే పూతలోనూ ఈ లవణం ఉంది.

వెడెలైట్‌కు ఆ పేరొచ్చిన చోటు మరీ దూరం. అంటార్కిటికా పక్కన, మంచుపలకలు తేలే వెడెల్ సముద్రం. 1902-04 నడుమ స్కాట్లండ్ యాత్రికుల నౌక ‘స్కోషియా’ ఆ నీలిచీకటి అడుగు నుంచి, నాలుగు వేల మీటర్లకు పైగా లోతు నుంచి బురద తోడితెచ్చింది. ఏళ్ల తరవాత ఆ బురదలో దొరికిన పిరమిడ్ జంటలను పరీక్షించి, 1936లో బ్రిటిష్ మ్యూజియంకు చెందిన బానిస్టర్ వివరించాడు. ఆ సముద్రం పేరిటే వాటికి వెడెలైట్ అన్న పేరు స్థిరపడింది. అదే సముద్రపు బురదలో నాలుగు నీటి అణువులున్న కాల్షియం సిట్రేట్ కూడా దొరికింది. నిమ్మకాయలోని ఆమ్లానికి చుట్టమైన లవణం ధ్రువ సముద్రపు అడుగున! ఇటు జర్మనీలోని సాక్సనీ బొగ్గు గనుల్లోనేమో, నల్లని బొగ్గు పొరల చీలికల్లో హ్యూవెలైట్ జంట స్ఫటికాలు హృదయాకారంలో, తేటనీటి రంగులో తళతళలాడుతూ బయటపడ్డాయి.

మన ఒంట్లో అదే రాయి

ఇంత అందగాడూ మనిషి మూత్రపిండంలో అడుగుపెడితే నడుం వంచి నేల మీద దొర్లిస్తాడు. మూత్రపిండాల్లోని రాళ్లలో అత్యధిక భాగం కాల్షియం ఆక్సలేటే. తొలి రోజుల్లో మూత్రంలో కనిపించే స్ఫటికం ఎక్కువసార్లు రెండు నీళ్ల వెడెలైట్, మెరిసే చిన్న పిరమిడ్ జంట. అది నిలకడ తక్కువది. కాలం గడిచేకొద్దీ నీటిని వదులుకుని ఒంటి నీటి హ్యూవెలైట్‌గా మారుతుంది. ఆ రెండో రూపం మూత్రపిండపు కణాలను గట్టిగా అంటుకుంటుంది, పొర మీద పొర పేరుస్తుంది, అదే రాయిగా ముదురుతుంది. కంద కణంలో పొరచుట్టి, జిగురు పోసి, లెక్కప్రకారం కట్టించిన కట్టడమే ఇక్కడ అదుపు లేక పెరుగుతుంది.

దీనికి అడ్డుకట్ట కూడా స్ఫటికపు అంచు దగ్గరే ఉంది. పెరిగే స్ఫటికం ముఖం మీద అణువులు మెట్లు మెట్లుగా చేరతాయి. మూత్రంలోని సిట్రేట్ ఆ మెట్ల అంచులకు అతుక్కుని, కొత్త అణువు చేరకుండా దారి కాస్తుంది. నిమ్మరసం తాగమని వైద్యులు చెప్పడంలోని కిటుకు అదే. 2016లో హ్యూస్టన్ విశ్వవిద్యాలయపు జెఫ్రీ రైమర్ బృందం ఇంకో ముచ్చట చెప్పింది. సిట్రేట్‌కు అన్నదమ్ముడైన హైడ్రాక్సీసిట్రేట్, ప్రయోగశాలలో తగిన స్థితిలో ఈ స్ఫటికాలను ఎదగనీయకపోవడమే కాదు, కొంత కరిగించింది కూడా. ఆ పదార్థం మలబారు చింత తొక్కలో దొరుకుతుంది. అది ఇంకా మందుగా స్థిరపడలేదు, దారి మాత్రం కనిపించింది.

మన రైతులకూ వంటవాళ్లకూ కందతో చిరకాల పరిచయం. చేతికి నూనె రాసుకుని కోయడం, చింతపండు పులుసులో ఉడికించడం తరతరాల నేర్పు. ఉడికితే సూదుల మీది ప్రోటీన్ల వాడి చస్తుంది, నాలుకకు నెమ్మది. గోదావరి పడమటి తీరంలోని కొవ్వూరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ‘గజేంద్ర’ రకంలో దురద దాదాపు ఉండదు. అందుకే అది దేశమంతా పాకింది. పాలకూర, తోటకూర తిన్న పూట చివర్లో పెరుగన్నం కలుపుకోవడం కూడా తెలివైన అలవాటే. పెరుగులోని కాల్షియం, ఆకుకూరలోని ఆక్సలేట్‌ను పేగుల్లోనే పట్టేసి, నెత్తురులోకి చేరకుండా చాలావరకు బయటికి పంపేస్తుంది.

కాబట్టి ఆకుకూరలకు భయపడి దూరం పెట్టకండి. రాళ్లు ఒకసారి వచ్చినవారు ఏది ఎంత తినాలో వైద్యుణ్ని అడిగి తెలుసుకోండి. మిగతావారు ఒక్క సంగతి మరిచిపోకుండా ఉంటే చాలు. చెంబుడు నీళ్లు పక్కనే పెట్టుకోండి, దాహం వేసేదాకా ఆగకండి. రోజుకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం పోయేటట్టు నీళ్లు తాగితే ఈ లవణానికి స్ఫటికం కట్టే అవకాశం చాలా తగ్గుతుంది. రాతి లోపల ఒక్క చుక్కగా ఒదిగి దాన్ని నిలబెట్టేది నీరే. ఆ రాయి మనలో పుట్టకుండా కాపాడేదీ నీరే.